తరువాత వచ్చిన దోషము, వలన వచ్చిన దోషము

కంప్యూటరు నేడు మన ఇండ్లలో రేడియోవలెనే ఒక మూల స్థిరమైన స్థానము సంపాదించుకొన్నది. సిద్ధముగా దొరకు యంత్రమును కొనుటకు బదులు భాగములను వేరువేరుగా ఏరి తెచ్చి ఇంటనే కూర్చుకొను యువకులు కరీంనగరము, జగిత్యాల, మంచిర్యాల, ఆదిలాబాదు వంటి పట్టణములలోను కలరు. ఇట్టి యంత్రము ముఖ్యముగా గేములకు ఉద్దేశింపబడినది. ఐనను పగలు చదువునకు, రాత్రి ఆటకు అదియే ఉపకరించుచుండును. గ్రాఫిక్స్ కార్డు, ప్రాసెసరు, మెమరీ, మదరుబోర్డు అన్నియు కలిసి వెల లక్ష రూపాయలు దాటుట వింత కాదు. అనగా ఒక మధ్యతరగతి కుటుంబము ఆలోచించి, కూడబెట్టి చేసిన వ్యయమిది.

ఒకనాడు ఆ యంత్రమునకు ఫర్మ్‌వేరు అప్‌డేటు చేయుదురు. కొలది దినములు గడచునో లేదో, ఆట మధ్యలో తెర నల్లబడును. లేదా నీలి తెర కనబడి యంత్రము తనంతట తానే తిరిగి ప్రారంభమగును. ఒక్కొక్కప్పుడు గంటల తరబడి చక్కగా నడచును. ఒక్కొక్కప్పుడు పది నిమిషములు నిలువదు. అప్పుడింటిలో వినవచ్చు మాట ఒక్కటే: "నిన్నటి దాక బాగున్నది, అప్‌డేటు చేసితిమి, చెడిపోయినది." ఈ తీర్పు ఎంతవరకు సత్యము? సత్యమును తెలిసికొనుటకు మార్గమేది? ఈ ప్రసంగమున మేము ముచ్చటింపదలచినది ఇంతమాత్రమే.

మొదట ఫర్మ్‌వేరు అనగా నేమో చెప్పుకొందము. కంప్యూటరునందు యంత్రభాగము ఒకటి, దానిని నడుపు ఆజ్ఞల సముదాయము మరియొకటి. మొదటిది హార్డ్‌వేరు, రెండవది సాఫ్ట్‌వేరు. ఈ రెండింటికి నడుమ నిలిచి, మదరుబోర్డు మీది ఒక చిన్న చిప్పులో భద్రపరుపబడి, మీట నొక్కగనే అన్నిటికంటె ముందు మేల్కొను ఆజ్ఞల సముదాయమే ఫర్మ్‌వేరు. ఈ పదమును 1967లో ఆషర్ ఓప్లర్ అను నతడు ప్రయోగములోనికి తెచ్చెను. ఇంటి కంప్యూటర్లలో దీనికి బయోసు అని వాడుక పేరు. మెమరీ ఎంత వేగమున నడువవలెను, ప్రాసెసరునకు ఎంత వోల్టేజి నీయవలెను, ఫ్యాన్లు ఎప్పుడు వేగముగా తిరుగవలెను అను విషయములను నిర్ణయించునది ఇదియే. కావున దీనిని మార్చుట యనగా ఒక పాటల పెట్టెలో పాట మార్చుట వంటిది కాదు. ఇంటి పెత్తనము మరియొకరి చేతికిచ్చుట వంటిది.

ఇక తీర్పు సంగతి. కాకి వచ్చి తాటిచెట్టుపై వ్రాలినది. అదే క్షణమున తాటిపండు రాలినది. కాకి బరువునకే పండు రాలినదని చూచినవాడనుకొనును. దీనినే మన పెద్దలు కాకతాళీయ న్యాయమనిరి. ఒకదాని తరువాత మరియొకటి జరిగినంత మాత్రమున మొదటిది రెండవదానికి కారణము కాదు. కారణమని నిర్ధారించుటకు మన తార్కికులు రెండు పరీక్షలు చెప్పిరి. అది ఉన్నప్పుడు ఇది ఉండుట అన్వయము. అది లేనప్పుడు ఇది లేకుండుట వ్యతిరేకము. రెండును కుదిరినప్పుడే కార్యకారణ సంబంధము నిలుచును. కంప్యూటరు మరమ్మతునకు ఇంతకంటె మంచి సూత్రము మాకు కనబడలేదు.

ఈ విచారము కేవలము తర్కవినోదము కాదు. ఇంట కూర్చిన యంత్రమునకు ఒకే వారంటీ ఉండదు. భాగమొక్కింటికి ఒక బిల్లు, ఒక వారంటీ ఉండును. వానిలో పెక్కు భాగములు సికిందరాబాదు పార్క్‌లేనులోని చెనాయ్ ట్రేడ్ సెంటరు వంటి చోట్ల కొన్నవియో, తపాలాలో తెప్పించినవియో అయి యుండును. కరీంనగరమునుండి అచ్చటికి సుమారు 160 కిలోమీటర్లు. ఆదిలాబాదునుండి దాదాపు 300. దోషము మెమరీలో నుండగా గ్రాఫిక్స్ కార్డును పెట్టెకట్టి పట్టుకొని పోయినచో, వారు పరీక్షించి "ఇది బాగుగనే యున్నది" అని తిరిగి ఇత్తురు. ప్రయాణపు ఖర్చు, వారముల కాలము వృథా యగును. చెడని భాగమునకు బదులు క్రొత్తది కొన్నచో నష్టమింకను పెద్దది.

అప్‌డేటు చేసినప్పుడు నిజముగా మారునవి ఏవి? మొదటిది, అంతకు ముందు మనము పెట్టుకొన్న సెట్టింగులు సామాన్యముగా చెరిగిపోయి, తయారుచేసినవారి మూల సెట్టింగులు వచ్చును. మెమరీ పెట్టె మీద 6000 అని వేగము వ్రాసియున్నను, దానికి సంబంధించిన ప్రొఫైలును మనము తిరిగి ఎన్నుకొననిచో అది 4800 వేగముననే నడచుట కలదు. అప్పుడు యంత్రము మందగించినదనుకొందుము. అది చెడుట కాదు. మనము తగ్గించి పెట్టుకొన్న వోల్టేజి, వేగముగా తిరుగునట్లు ఏర్పరచుకొన్న ఫ్యాన్లు, డిస్కులను నడుపు పద్ధతి, ఇవి అన్నియు మూలస్థితికి పోవచ్చును. డిస్కుల పద్ధతి మారినచో విండోసు తెరచుకొనకపోవుటయు కలదు. పాత సెట్టింగుల కాగితము మనయొద్ద నున్నచో ఈ చిక్కు పది నిమిషములలో తీరును. లేనిచో యంత్రము పోయినదని భ్రమపడుదుము.

రెండవది మెమరీ శిక్షణ. డి.డి.ఆర్. 5 అను నేటి మెమరీ కలిగిన యంత్రములలో, మొదటిసారి వెలిగించినప్పుడు బయోసు మెమరీతో సంకేతముల కాలమును సరిచూచుకొనును. అప్పుడు తెర కొన్ని నిమిషములపాటు నల్లగనే యుండవచ్చును. ఆ సమయమున తొందరపడి మీట నార్పుట మంచిది కాదు. పది పదునైదు నిమిషములు ఓపిక పట్టవలెను. ఇంకొక సంగతి: క్రొత్త ఫర్మ్‌వేరు మెమరీ కాలనియమములను వేరు విధముగా నిర్ణయించుటచే, పాత ఫర్మ్‌వేరుతో అంచుమీద నడచిన మెమరీ ఇప్పుడు తొట్రుపడవచ్చును. దీనికి విపరీతముగా, మునుపు తొట్రుపడినది ఇప్పుడు కుదురుకొనుటయు కలదు.

మూడవది తాళపుచెవి. విండోసు 11 యంత్రములు పెక్కింటిలో డిస్కులోని సమాచారము గూఢలిపిలో నుండును. దీనికి బిట్‌లాకర్ అని పేరు. ఫర్మ్‌వేరు మారగనే భద్రతా చిప్పు "ఇది పాత యంత్రమేనా?" అని సందేహించి, 48 అంకెల రికవరీ కీ అడుగవచ్చును. ఆ అంకెలు మైక్రోసాఫ్ట్ ఖాతాలో భద్రముగా నున్నచో సరి. లేనిచో ఇంటివారి ఫోటోలు, పిల్లల చదువు పత్రములు అన్నియు తలుపు వెనుకనే నిలిచిపోవును. యంత్రము బాగుపడినను పోయిన ఫోటోలు తిరిగి రావు. కావున అప్‌డేటునకు ముందే ఈ అంకెలను కాగితముపై వ్రాసికొనుట, ముఖ్యమైన సమాచారమును వేరొక డిస్కులో దాచుకొనుట అన్ని పనులకంటె ముందు చేయవలసిన పని.

అప్‌డేటు దోషము తెచ్చుట కలదు. దోషమును పోగొట్టుటయు కలదు. ఈ రెండవదానికి ఇటీవలి చరిత్రలో గొప్ప ఉదాహరణమున్నది. ఇంటెల్ సంస్థ 2022 అక్టోబరులో 13వ తరము ప్రాసెసర్లను, 2023 అక్టోబరులో 14వ తరమువానిని విడుదల చేసెను. వీనిలో హెచ్చు శక్తిగల రకములు కొన్ని నెలలు వాడిన పిమ్మట ఆటల మధ్య ఆగిపోసాగినవి. విచిత్రమేమనగా, పలు గేములలో తెరపై వచ్చిన సందేశము "వీడియో మెమరీ చాలలేదు" అని. చూచినవారు సహజముగా గ్రాఫిక్స్ కార్డును నిందించిరి. దాని డ్రైవరును మార్చిరి. కొందరు కార్డునే మార్చిరి. గేములలోని సమాచారమును విప్పు సాఫ్ట్‌వేరు తయారుచేయు ర్యాడ్ అను సంస్థ పరిశీలించి, దోషము గ్రాఫిక్స్ కార్డులో లేదు, ప్రాసెసరు లెక్క తప్పుచున్నదని ప్రకటించెను. సందేశము చెప్పినది దోషము బయటపడిన చోటు. దోషము పుట్టిన చోటు కాదు. కడుపునొప్పి యని వైద్యునియొద్దకు పోయినవానికి రోగము వేరొక చోట నుండుట వంటిదే ఇది.

2024 జులైలో ఇంటెల్ తన పరిశోధన ఫలితమును తెలిపెను. ప్రాసెసరులోని మైక్రోకోడు, అనగా దాని లోపలి ఆజ్ఞలు, అవసరమునకు మించిన వోల్టేజిని కోరుచుండెనని, దానివలన చిప్పు క్రమముగా క్షీణించుచున్నదని తేలెను. మదరుబోర్డులు కొన్ని విద్యుత్ పరిమితులను సడలించి యుండుటయు ఈ విషయములో చర్చకు వచ్చెను. 2024 ఆగస్టు, సెప్టెంబరు నెలలలో సవరించిన మైక్రోకోడు బయోసు అప్‌డేటు రూపమున వెలువడెను. వారంటీని రెండు సంవత్సరములు పొడిగించిరి. కాని సంస్థ చెప్పిన మాట ఒకటి మరువరాదు: ఈ సవరణ ఇకముందు జరుగబోవు క్షీణతను ఆపును, ఇదివరకే చెడిన చిప్పును బాగుచేయదు.

ఇప్పుడు ఒక కుటుంబమును ఊహింపుడు. వారి ప్రాసెసరు ఏడాదిగా లోలోపల క్షీణించుచున్నది, బయటికి తెలియలేదు. ఈ అప్‌డేటు చేసిన వారమునకు యంత్రము ఆగిపోవ నారంభించినది. వారు అప్‌డేటునే నిందించి పాత ఫర్మ్‌వేరునకు తిరిగి పోయిరి. పాతది హెచ్చు వోల్టేజి నిచ్చును గనుక, క్షీణించిన చిప్పు కొన్నాళ్లు కుదురుగా నడచినట్లు తోచినను తోచవచ్చును. "చూచితిరా, అప్‌డేటుదే తప్పు" అని సంతోషింతురు. కాని ఆ హెచ్చు వోల్టేజియే చిప్పును తినివేయుచున్నది. ఔషధమును విషమని పారవేసి, విషమును ఔషధమని సేవించినట్లయినది. పరీక్ష సగము చేసి ఆపుటలోని ప్రమాదమిది. ఫర్మ్‌వేరు విడుదల చేసినవారు వెంట ఇచ్చు వివరణ పత్రమును చదివి, అది ఏ దోషమును తీర్చుటకు వచ్చినదో తెలిసికొనిన పిమ్మటనే వెనుకకు పోవు విషయము ఆలోచింపవలెను.

ఇటువంటిదే మరియొకటి. 2023 వసంతమున ఎ.ఎం.డి. సంస్థ వారి రైజెన్ 7000 తరగతి ప్రాసెసర్లు కొన్ని మదరుబోర్డుల మీద కాలిపోయినవని వార్తలు వచ్చెను. ప్రాసెసరులోని ఒక భాగమునకు పోవు వోల్టేజి 1.3 వోల్టులు మించకుండునట్లు క్రొత్త ఫర్మ్‌వేరు ద్వారా కట్టడి చేసిరి. వోల్టేజి తగ్గిన పిమ్మట, అంతకు ముందు అతివేగముగా నడపిన మెమరీ కుదురు కోల్పోయినచో దానిని దోషమని అనరాదు; అది చిప్పు ప్రాణము నిలుపుటకు చెల్లించిన మూల్యము. మెమరీ వేగమును ఒక మెట్టు దించినచో సరిపోవును.

ఇంతవరకు లోకమంతటికి వర్తించు మాట. మన ప్రాంతమునకు ప్రత్యేకమైన కారణములు మూడున్నవి: ఎండ, దుమ్ము, కరెంటు. కాకతాళీయమునకు ఇవియే హెచ్చు అవకాశమిచ్చును.

రామగుండము, కరీంనగరము, ఆదిలాబాదులలో మే నెల పగటివేడి 45 డిగ్రీల దరిదాపునకు పోవుట మనకు కొత్త కాదు. అదే ఆదిలాబాదున చలికాలపు రాత్రి పది డిగ్రీలకు దిగువనకు పోవును. కంప్యూటరులోని ఫ్యాను గదిగాలినే లోనికి పంపును. గదికంటె చల్లని గాలిని అది సృష్టింపజాలదు. గదిలో 25 డిగ్రీలున్నప్పుడు ప్రాసెసరు 75 డిగ్రీల వద్ద నడచుచున్నదనుకొందము. అదే ఆట, అదే ఫ్యాను వేగము. గది 40 డిగ్రీలైనచో ప్రాసెసరు సుమారు 90 డిగ్రీలకు చేరును. నేటి ప్రాసెసర్లు 95, 100 డిగ్రీల వద్ద తమంతట తామే వేగము తగ్గించుకొని ప్రాణము కాపాడుకొనును. మెమరీ వంటి భాగములకు అంత నేర్పు లేదు. వేడి హెచ్చినకొలది తప్పుచేయు అవకాశము హెచ్చును. ఫిబ్రవరిలో అప్‌డేటు చేసి, ఏప్రిలులో దోషము కనబడినచో, మధ్యలో మారినది ఫర్మ్‌వేరు మాత్రమే కాదు. ఋతువు కూడ మారినది. రెండును కలిసి పనిచేయుటయు కలదు: అప్‌డేటు ఫ్యాను సెట్టింగును మూలస్థితికి తెచ్చెను, చలికాలమున అది చాలెను, ఎండకాలమున చాలలేదు.

గోదావరిఖని, మందమర్రి, బెల్లంపల్లి వంటి బొగ్గుగని పట్టణములలో నల్లని దుమ్ము, సిరిసిల్లలో మగ్గముల నూలుపోగుల ధూళి ఇండ్లలోనికి వచ్చుట అచ్చటివారికి తెలియును. ఇవి క్యాబినెట్టు జాలిమీదను, వేడిని చల్లార్చు రేకుల నడుమను పేరుకొని గాలిదారిని మూసివేయును. కరెంటు తీసి, ఫ్యాను తిరుగకుండ వ్రేలితో పట్టుకొని, మెత్తని కుంచెతో దుమ్ము దులుపుట రూపాయి ఖర్చులేని చికిత్స.

ఇక కరెంటు. వేసవి సాయంకాలపు గాలివానలలో దీపములు మిణుకుమిణుకుమనుట మనము చూచునదే. కంప్యూటరు పవర్ సప్లై కరెంటు పోయిన పిమ్మట సెకనులో అరువదవ వంతు కాలము మాత్రమే దాదాపుగా ఓర్చుకొనగలదు. ఇంటి ఇన్వర్టరు సామాన్య పద్ధతిలో అంతకంటె ఆలస్యముగా అందుకొనుట కలదు. అట్టి క్షణమున ఫ్యాను ఆగదు, దీపము ఆరినట్లు తోచదు, కంప్యూటరు మాత్రము తిరిగి ప్రారంభమగును. ఇన్వర్టరునకు యు.పి.ఎస్. మీట యున్నచో దానిని ఆ వైపునకు తిప్పవలెను. అన్నిటికంటె ముఖ్యము: ఫర్మ్‌వేరు వ్రాయుచున్న రెండు మూడు నిమిషములలో కరెంటు పోయినచో మదరుబోర్డు మేలుకొనకుండ పోవచ్చును. యు.పి.ఎస్. లేక, గాలివాన సూచనలున్న సాయంకాలమున ఆ పనికి పూనుకొనరాదు.

ఇప్పుడు పరీక్షాక్రమము చెప్పుదుము. రేడియో కేంద్రమున ప్రసారము ఆగినచో ఇంజనీరు కంటబడిన ప్రతి భాగమును విప్పడు. మైకునుండి యాంటెనా వరకు గల గొలుసును నడుమకు విభజించి, దోషము ఏ సగమున నున్నదో మొదట తేల్చుకొనును. మనమును అట్లే చేయుదము. ఒకమారు ఒక్క మార్పు మాత్రమే చేయవలెను; చేసిన మార్పును, తేదీని, ఫలితమును పుస్తకములో వ్రాసికొనవలెను. మూడు మార్పులు ఒక్కసారి చేసి యంత్రము బాగుపడినచో, ఏది బాగుచేసెనో తెలియక మరల చెడినప్పుడు మొదటికి వత్తుము.

మొదటి మెట్టు: బయోసులో మూల సెట్టింగులను తిరిగి ఎన్నుకొని, మెమరీ ప్రొఫైలును, వేగము పెంచు ఏర్పాటులను అన్నిటిని ఆపివేయవలెను. పాత సెట్టింగుల అవశేషములున్నవను అనుమానమున్నచో, కరెంటు తీగె తీసి, మదరుబోర్డు మీది బిళ్ల బ్యాటరీని కొన్ని నిమిషములు తొలగించి మరల పెట్టవలెను. ఈ స్థితిలో రెండు మూడు దినములు వాడవలెను. యంత్రము కుదురుగా నున్నచో భాగములన్నియు బాగుగనే యుండవచ్చును, దోషము సెట్టింగులలోనిది. అప్పుడు ఒక్కొక్క సెట్టింగును తిరిగి పెట్టుచు పోయినచో దోషి తానే బయటపడును.

రెండవ మెట్టు: మూలస్థితిలోను ఆగిపోవుచున్నచో మెమరీని పరీక్షింపవలెను. మెమ్‌టెస్ట్ 86 అను సాధనమును పెన్‌డ్రైవులో పెట్టి, విండోసు తెరువకుండ రాత్రియంతయు నడుపవచ్చును. ఒక్క తప్పు కనబడినను తప్పే. అప్పుడు రెండు మెమరీ పలకలలో ఒకదానిని తీసి, మిగిలినదానిని మదరుబోర్డు పుస్తకము చెప్పిన గాడిలో పెట్టి మరల చూడవలెను. పిదప పలకను మార్చవలెను. తప్పు పలకవెంట పోయినచో పలకది. గాడిలోనే నిలిచినచో మదరుబోర్డుది, లేదా ప్రాసెసరుది. అన్వయ వ్యతిరేకములు ఇంత స్పష్టముగా మరి యెచ్చటను కనబడవు.

మూడవ మెట్టు: ప్రాసెసరునకు, గ్రాఫిక్స్ కార్డునకు వేరువేరుగా బరువు పెట్టవలెను. ప్రధానసంఖ్యలను వెదకుటకు పుట్టిన ప్రైమ్ 95 అను సాఫ్ట్‌వేరు తన లెక్కలను తానే సరిచూచుకొనును గనుక, లెక్క తప్పు ప్రాసెసరును పట్టి ఇచ్చును. దానితో ఆగిపోయినచో దృష్టి ప్రాసెసరు, మెమరీలమీదికి పోవలెను. దానితో నిలిచి, గ్రాఫిక్స్ కార్డుకు పని పెట్టినప్పుడు మాత్రమే యంత్రము ఒక్కసారిగా ఆరిపోయినచో కార్డును, పవర్ సప్లైని, వానిని కలుపు తీగెలను చూడవలెను. ఈ పరీక్షలన్నిట ఉష్ణోగ్రతను గమనించుచుండవలెను.

విండోసులోని ఈవెంట్ వ్యూయరును చూచుటయు మేలే. కాని అందలి కెర్నెల్ పవర్ 41 అను పంక్తిని చూచి పవర్ సప్లై పోయినదనుకొనరాదు. యంత్రము క్రమముగా ఆర్పబడలేదని మాత్రమే దాని అర్థము. ఎందులకో అది చెప్పదు. రిలయబిలిటీ మానిటరు అను పట్టికలో ఏ దినమున ఏది మారినదో కనబడును. ఫర్మ్‌వేరు మార్చిన వారముననే విండోసు తనంతట తాను గ్రాఫిక్స్ డ్రైవరును మార్చుకొని యుండవచ్చును. కాకితో పాటు చెట్టుమీద ఇంకెన్ని పక్షులున్నవో ఆ పట్టిక చూపును.

వీని తరువాతనే ఫర్మ్‌వేరు వంతు. తయారుచేసినవారు అంతకంటె క్రొత్తది విడుదల చేసిరేమో మొదట చూడవలెను. లేనిచో, భద్రతకు గాని చిప్పు రక్షణకు గాని సంబంధించిన సవరణ కానప్పుడు, బోర్డు అనుమతించినచో పాతదానికి పోయి పరీక్షింపవచ్చును. పాతదానితో దోషము పోయి, క్రొత్తదానితో మరల వచ్చినచో అప్పుడు "అప్‌డేటు వలననే" అని నిస్సందేహముగా చెప్పవచ్చును. వ్రాసిపెట్టిన పుస్తకముతో తయారీదారునకు ఫిర్యాదు చేసినచో వారును త్రోసిపుచ్చలేరు. భాగము చెడినదని తేలినప్పుడు కూడ ఆ పుస్తకమే మన సాక్షి; దుకాణదారునకు "ఆగిపోవుచున్నది" అనుటకంటె "ఈ పలక ఒక్కటే ఈ గాడిలో పెట్టినప్పుడు ఇన్ని తప్పులు వచ్చినవి" అనుట వేయిరెట్లు మేలు.

చివరగా, నడచుచున్న యంత్రమునకు ఊరక అప్‌డేటు చేయవలెనా అని అడుగువారున్నారు. వివరణ పత్రములో మన చిప్పునకు రక్షణయో, భద్రతా లోపము సవరణయో, మన దోషమునకు మందో ఉన్నచో చేయవలెను, లేనిచో తొందరలేదు. చేయునాడు సమాచారము దాచుకొని, సెట్టింగులు వ్రాసికొని, రికవరీ అంకెలు చేతబట్టుకొని, కరెంటు నిలకడగా నున్న ఉదయమున చేయవలెను. ఆ పిమ్మట దోషము వచ్చినను, అది తరువాత వచ్చినదా, వలన వచ్చినదా అని విచారించి చూచు ఇంటిలో లక్ష రూపాయల యంత్రము అకారణముగా మూలపడదు.